చెట్టు మీద పిట్టను కొట్టొద్దు

పదేళ్లు దాటిన ఒక కుర్రవాడు ఎయిర్‌గన్‌తో పిచ్చుకను కొట్టాడు. కింద పడ్డ పిట్టను చేతిలోకి తీసుకుని చూస్తే గొంతు దగ్గర పసుపు రంగు మచ్చ కనిపించింది. రోజూ చూసే పిచ్చుకలకు అలాంటి మచ్చ ఉండదు. ఇదేం పిట్ట అని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిలార్డ్‌కు ఒక ఉత్తరం రాసిచ్చి, వెళ్లి ఆయన్ను అడగమన్నాడు.

మిలార్డ్ ఆ పిల్లవాడితో ఆప్యాయంగా మాట్లాడాడు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. అంతటితో పంపేయకుండా బీరువాలు తెరిచి, సొసైటీ దాచిన పక్షుల నమూనాలు చూపించాడు. వెళ్లేటప్పుడు చదువుకోమని పక్షుల మీద పుస్తకాలు ఇచ్చాడు. ఆ కుర్రవాడే తర్వాతి కాలంలో భారతదేశపు పక్షులను దేశానికి పరిచయం చేసిన సలీం అలీ. 1985లో వచ్చిన తన ఆత్మకథకు ఆయన ఆ పిచ్చుక నేలరాలడాన్నే పేరుగా పెట్టుకున్నాడు.

ఈ కథను నేను చాలాసార్లు తలుచుకుంటాను. పిల్లలకు అడవిని, నీళ్లను, కొండలను పరిచయం చేయడం ఒక పని, పుస్తకాలను పరిచయం చేయడం ఇంకో పని అని మనం విడదీసి చూస్తాం. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకడు పుస్తకాల పురుగు, ఇంకోడు తిరుగుబోతు అని పేర్లు కూడా పెట్టేస్తాం. కానీ ఆ సొసైటీ గదిలో ఆ రెండు పనులూ ఒక్కటిగానే జరిగాయి. చేతిలో చచ్చిన పిట్ట ఉంది కాబట్టే పుస్తకం అవసరమైంది. పుస్తకం దొరికింది కాబట్టే ఆ పిట్ట చావు ఒక ఆటగా ముగిసిపోలేదు. మధ్యలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. పిల్లవాడి ప్రశ్నను అతను పనికిమాలిన ప్రశ్నగా చూడలేదు.

చేపలు పట్టడం, కొండలెక్కడం, అడవిలో నడక, పక్షుల్ని చూడటం, చట్టం ఒప్పుకునే చోట్ల వేట. వీటన్నిటికీ కొన్ని విలువలు ఉన్నాయని, అవి తర్వాతి తరానికి అందాలని అందరూ అంటారు. ఆ విలువలు ఏమిటి, అవి ఎలా అందుతాయి, అందులో చదువుకు పనేమిటి అని అడిగితే మాత్రం జవాబులు కలగాపులగం అవుతాయి. ఆ చిక్కును ఒక్కో పోగుగా విడదీసి చూడాలని నా ప్రయత్నం.

అంపైర్ లేని ఆట

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పిల్లలకు నేర్పేవాటిలో మూడు రకాలు ఉంటాయి. గాలం ఎలా వేయాలి, తాడు ఎలా ముడి వేయాలి అన్నది నైపుణ్యం. నీళ్లలో దిగేముందు లైఫ్ జాకెట్ వేసుకోవడం, గాలానికి ఎర గుచ్చేటప్పుడు వేళ్లు జాగ్రత్తగా పెట్టుకోవడం భద్రత. మూడోది నిగ్రహం. చేయగలిగి ఉండి కూడా చేయకపోవడం. మొదటి రెండింటిని నేర్పి, మూడోదీ నేర్పేశామని పొరబడేవాళ్లే ఎక్కువ. మంచి ఈతగాడు, మంచి గురిగాడు అయినవాడు మంచి మనిషి కూడా అవుతాడన్న హామీ ఎక్కడా లేదు.

మైదానంలో ఆడే ఆటలకు అంపైర్ ఉంటాడు, చూసేవాళ్లు ఉంటారు. తప్పు చేస్తే విజిల్ మోగుతుంది. అడవిలో, నీటి ఒడ్డున ఎవరూ ఉండరు. పట్టకూడని సైజు చేపను సంచిలో వేసుకున్నా, గూట్లో గుడ్లన్నీ ఎత్తుకొచ్చినా అడిగేవాడు లేడు. కాబట్టి ఈ ఆటల్లో విలువ అంటే ఎవరూ చూడనప్పుడు మనం చేసే పని. అమెరికన్ అటవీ శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ ఈ మాటను చాలా స్పష్టంగా చెప్పాడు. వేటగాడికి చప్పట్లు కొట్టేవాళ్లు గానీ ఛీ కొట్టేవాళ్లు గానీ ఉండరు, అతని నడతకు తీర్పరి అతని మనస్సాక్షే అన్నది ఆయన ఆలోచన.

ఆయనకు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. చిన్నప్పుడు నాన్న చేతికి తుపాకీ ఇచ్చి కౌజుపిట్టలను వేటాడొచ్చు అన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. చెట్టు మీద కూర్చున్న పిట్టను కొట్టకూడదు, ఎగిరేటప్పుడే కొట్టాలి. పిల్లవాడి కుక్కేమో పిట్టల్ని చెట్టెక్కించడంలో ఆరితేరింది. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టను కొడితే గురి తప్పదు. ఎగిరే పిట్టను కొట్టడం ఆ వయసులో దాదాపు అసాధ్యం. తప్పకుండా దొరికేదాన్ని వదిలేసి, దొరకనిదాని కోసం కాచుకోవడమే నీతి విషయంలో తన మొదటి సాధన అని లియోపోల్డ్ పెద్దయ్యాక రాశాడు.

ఇక్కడ ఆ తండ్రి తెలివిని గమనించాలి. ఆయన కొడుకుకు ప్రకృతి మీద ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఒకే ఒక్క నియమం ఇచ్చాడు. ఆ నియమం చిన్నది, పిల్లవాడికి అర్థమయ్యేది, పాటించడం కష్టమైంది. పైగా అది చట్టంలో లేనిది. అదే తండ్రి, పక్షులు గుడ్లు పెట్టే వసంతకాలంలో బాతుల వేట తప్పని తోచి, చట్టం ఆపకముందే తనంతట తాను మానేశాడు. కొడుకు అది చూశాడు. చట్టం నేలలాంటిది, విలువ దాని మీద మనం కట్టుకునే ఇల్లు అని ఆ ఇంట్లో ఎవరూ విడిగా చెప్పాల్సిన పనే లేకపోయింది.

పారిపోయే అవకాశం లేని జంతువును చంపడం ఆట కాదన్న సూత్రాన్ని 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్, మిత్రులు స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అనే వేటగాళ్ల సంఘం బలంగా ముందుకు తెచ్చింది. ఆ రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడిగా ఉండగా, 1902లో మిసిసిపీలో ఎలుగుబంటి వేటకు వెళ్లాడు. ఆయనకు ఎలుగు దొరకలేదని తోడు వచ్చినవాళ్లు ఒకదాన్ని పట్టి చెట్టుకు కట్టేశారు. కట్టేసిన జంతువును కాల్చనన్నాడు. ఆ సంగతి మీద పత్రికలో కార్టూన్ వచ్చింది, దాన్నుంచి టెడ్డీ బేర్ బొమ్మ పుట్టింది. పిల్లలకు ఈ కథ చాలా ఇష్టం. కానీ కథలో సగమే వాళ్లకు చెబుతాం. అప్పటికే కుక్కల దాడిలో గాయపడి ఉన్న ఆ ఎలుగును బాధ నుంచి తప్పించడానికి చంపేయమని ఆయనే చెప్పాడు. బొమ్మ వెనక ఉన్న ఆ రెండో సగం కూడా చెప్పాలని నా అభిప్రాయం. ఎలుగు బతికిపోయిందని విన్న పిల్లవాడికి ఒక మంచి కథ దొరుకుతుంది. జరిగింది మొత్తం విన్న పిల్లవాడికి ఆలోచించడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

చంపేవాడు ఎలా ప్రేమిస్తాడు?

పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. పెద్దవాళ్లు తప్పించుకునే ప్రశ్న కూడా ఇదే. చేపలంటే ఇష్టమైతే వాటి నోట్లో కొక్కెం ఎందుకు గుచ్చుతున్నావు? వేటను పూర్తిగా నిషేధించిన దేశాలున్నాయి, లైసెన్సుతో అనుమతించే దేశాలున్నాయి. కానీ ప్రశ్న చట్టంతో తీరేది కాదు.

పట్టి వదిలేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. ఆ పని కూడా అంత శుభ్రమైనదేమీ కాదు. చేప ఒంటి మీద జిగట పొర ఉంటుంది. రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ పొరే. పొడి చేతులతో పట్టుకుంటే అది ఊడిపోతుంది. అందుకే చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. కొక్కేనికి వెనక్కి తిరిగి ఉండే ముల్లు లేకపోతే దాన్ని తీయడం తేలిక, గాయం చిన్నది. కొక్కెం గొంతులోకి దిగిపోతే లాగకూడదు. దారం కత్తిరించి వదిలేస్తేనే చేప బతికే అవకాశం ఎక్కువ. ఫొటో కోసం నీళ్ల బయట పట్టుకుని ఉన్న ప్రతి క్షణం చేపకు ఊపిరాడని క్షణమే. వదిలాక ఈదుకుంటూ వెళ్లిన చేప కూడా తర్వాత చచ్చిపోవచ్చు.

అందుకే ఈ విషయంలో దేశాలు కూడా ఒక్క మాట మీద లేవు. చాలాచోట్ల పట్టి వదిలేయడమే ఉత్తమమైన పద్ధతి అని నేర్పుతారు. స్విట్జర్లండ్‌లో మాత్రం వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని చట్టం ఒప్పుకోదు. తినే ఉద్దేశం లేకుండా ఒక ప్రాణిని బాధపెట్టడం ఎందుకన్నది అక్కడి వాదన. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల ముందు ఈ రెండు వాదనలూ పెట్టి చూడండి, ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవచ్చు. ఏది సరైనదో మీరు తేల్చి చెప్పనక్కర్లేదు. నా మటుకు నాకు, తినడానికి పట్టిన ఒక్క చేపను వెంటనే, తక్కువ బాధతో చంపి ఇంటికి తీసుకెళ్లడం, ఫొటోల కోసం ఇరవై చేపలను పట్టి వదలడం కన్నా నిజాయితీగా కనిపిస్తుంది. దీనితో ఒప్పుకోని మంచి గాలగాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాటకూ బలం ఉంది.

నియమాల వెనక ఉన్న కారణం చెబితే పిల్లలు వాటిని చక్కగా పట్టుకుంటారు. చిన్న చేపను ఎందుకు వదలాలి? కనీసం ఒక్కసారైనా అది గుడ్లు పెట్టే వయసుకు రావాలి కాబట్టి. కొన్నిచోట్ల బాగా పెద్ద చేపను కూడా ఎందుకు వదలమంటారు? పెద్ద తల్లి చేప చిన్నదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గుడ్లు పెడుతుంది కాబట్టి. మా అక్క కొడుక్కి మొదటిసారి గాలం ఇచ్చినప్పుడు ఈ కారణాలేవీ చెప్పకుండా వద్దు, వద్దు అని మాత్రమే అన్నాను. గంట తిరక్కముందే వాడు బెండు వైపు చూడటం మానేశాడు. రెండోసారి, చిన్న చేపను వాడి తడి చేతుల్లో పెట్టి దాని వయసు గురించి మాట్లాడాను. ఆ రోజు వాడు పట్టిన వాటన్నిటినీ తనే కొలిచాడు, తనే వదిలాడు.

వెనక్కి తిరగడం కూడా ఇలాంటి విలువే. కొండల్లో, సముద్రం మీద అది ప్రాణం నిలిపే విలువ. 1909 జనవరి 9న ధ్రువ యాత్రికుడు షాకిల్టన్, ముగ్గురు తోటివాళ్లు దక్షిణ ధ్రువానికి దాదాపు 180 కిలోమీటర్ల దూరంలో నిలబడ్డారు. అంతవరకు ఏ మనిషీ అంత దక్షిణానికి వెళ్లలేదు. ముందుకు వెళ్తే ధ్రువం అందొచ్చు, కానీ తిరిగి రావడానికి తిండి చాలదు. వెనక్కి తిరిగాడు. నలుగురూ ప్రాణాలతో ఇంటికి చేరారు. చచ్చిన సింహం కన్నా బతికిన గాడిద మేలు కదా అని భార్యతో అన్నాడట. గెలిచినవాళ్ల కథలే వింటూ పెరిగే పిల్లలకు ఈ కథ కావాలి. వాన ముసురుకుంటే, తోటివాడి కాలు బెణికితే, శిఖరం కనిపిస్తున్నా దిగిపోదాం అనగలగాలి. ఆ మాట మొదట పెద్దవాళ్ల నోట వినాలి, అదీ సిగ్గుపడకుండా అన్న మాటగా వినాలి.

ఇందులో పుస్తకానికి పనేమిటి

బయటికి తీసుకెళ్తే చాలదా, మళ్లీ చదవడం దేనికి అని అడిగేవాళ్లు ఉంటారు. బయట తిరిగినంత మాత్రాన రానివి మూడున్నాయని నాకు అనిపిస్తుంది.

ఒకటి, పేర్లు. 2002లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు బడిపిల్లలకు బొమ్మల కార్డులు చూపించారు. కొన్నింటి మీద అక్కడి మొక్కలు, జంతువులు. మిగతావాటి మీద పోకెమాన్ అనే కార్టూన్ పాత్రలు. ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్లలో నాలుగింట మూడొంతులకు పైగా పేర్లు చెప్పారు, నిజమైన ప్రాణుల్లో సగం దగ్గర ఆగిపోయారు. దీన్ని పిల్లల తప్పుగా చూడకూడదు. ఆ వయసు పిల్లల బుర్రకు పేర్లు గుర్తుపెట్టుకునే శక్తి ఎంత ఉందో ఆ ప్రయోగం చూపించింది. మనం అందిస్తే వాళ్లు పిట్టల పేర్లూ అలాగే నేర్చుకుంటారు. 2007లో ఆక్స్‌ఫర్డ్ వారి పిల్లల నిఘంటువు కొత్త ముద్రణలో ఓక్ చెట్టు కాయ, లకుముకి పిట్ట లాంటి మాటలు తీసేసి బ్లాగ్, బ్రాడ్‌బ్యాండ్ లాంటివి చేర్చారని తెలిసినప్పుడు ఎందరో రచయితలు బాధపడింది ఇందుకే. పేరు తెలియని పిట్ట అన్ని పిట్టల్లో ఒకటి. పేరు తెలిసిన మర్నాటి నుంచి అదే పిట్ట ఎక్కడపడితే అక్కడ కనిపించడం మొదలవుతుంది. ఇది మీకూ అనుభవమే అయి ఉంటుంది.

రెండోది కాలం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 1995లో మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పాలీ ఒక సంగతి రాశాడు. ప్రతి తరమూ తన చిన్నతనంలో చూసిన సముద్రమే అసలైన సముద్రం అనుకుంటుంది. అప్పటికే అది తరిగిపోయి ఉందన్న సంగతి దానికి తెలియదు. తర్వాతి తరం ఇంకా తరిగిపోయినదాన్ని చూసి అదే మామూలు అనుకుంటుంది. ఇలా మెట్టు మెట్టుగా దిగిపోతున్నా ఎవరికీ దిగుతున్నట్టు అనిపించదు.

దీనికి కళ్లకు కట్టే రుజువు అమెరికాలోని కీ వెస్ట్ దీవి నుంచి దొరికింది. అక్కడ పడవల మీద సరదాగా చేపలు పట్టడానికి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చాక, పట్టిన పెద్ద చేపలను బోర్డుకు వేలాడదీసి పక్కన నిలబడి ఫొటో దిగేవారు. 1950ల నుంచి 2007 దాకా అలాంటి ఫొటోలను ఒక పరిశోధకురాలు వరుసగా పెట్టి చూసింది. మొదట్లో ఆ చేపల సగటు బరువు దాదాపు 20 కిలోలు. చివరికి 2.3 కిలోలు. తొలి ఫొటోల్లో మనుషుల పక్కన మనుషులంత చేపలు. చివరి ఫొటోల్లో జానెడు, మూరెడు చేపలు. ఆ చివరి ఫొటోలు దిగినవాళ్లు కూడా తమకు పెద్ద చేపలు దొరికాయనే సంతోషపడి ఉంటారు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. పాత ఫొటోలు వాళ్ల కంటపడలేదు, అంతే.

పిల్లవాణ్ణి నీటి ఒడ్డుకు ఎన్నిసార్లు తీసుకెళ్లినా ఈ సంగతి తెలియదు. నీరు తన గతాన్ని చెప్పదు. పాత పుస్తకాలు, పాత డైరీలు, ఇంట్లో ముసలివాళ్ల మాటలు చెబుతాయి. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసినట్టు ఎగిరిన పాసింజర్ పావురాల్లో ఆఖరుది, మార్తా అనే పేరున్న పిట్ట, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. ఆ తర్వాత పుట్టిన ఏ పిల్లవాడూ ఆ పావురాన్ని ఎగురుతుండగా చూడలేదు. చదవగలడు మాత్రం. చదివినవాడికి ఈ రోజు గుంపులుగా ఎగిరే పక్షులు వేరుగా కనిపిస్తాయి.

మూడోది, ఇంకో మనిషి మనసు లోపలికి వెళ్లడం. లియోపోల్డ్ యువకుడిగా అటవీ శాఖలో పనిచేస్తున్నప్పుడు, తోడేలు కనిపిస్తే కాల్చేయడమే మంచి పని అని నమ్మేవాడు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయని లెక్క. 1909లో ఒక తల్లి తోడేలును కాల్చి దగ్గరికి వెళ్లేసరికి దాని కళ్లలో ఒక పచ్చటి నిప్పు ఆరిపోతూ కనిపించింది. ఆ చూపులో ఏదో తనకు తెలియనిది ఉందనిపించింది. దాన్ని కాగితం మీద పెట్టింది 1944లో. ముప్పై అయిదేళ్లు పట్టింది. ఈలోగా తోడేళ్లు లేని కొండల్లో జింకలు పెరిగిపోయి, చెట్లూ చేమలూ తినేసి, చివరికి ఆకలితో చావడం ఆయన చూశాడు. నేను తప్పు చేశాను అని ఒక పెద్దమనిషి అంత వివరంగా ఒప్పుకోవడం పిల్లలు ఇంట్లో, బడిలో ఎంత అరుదుగా వింటారో ఆలోచించండి. మాటల్లో చెప్పుకోలేనిది చాలామంది పుస్తకంలో చెప్పుకున్నారు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. పాత వేట కథల్లో, యాత్రా కథల్లో చంపిన జంతువుల సంఖ్య గొప్పగా చెప్పుకోవడం ఉంటుంది. బరువులు మోసినవాళ్లకు, దారి చూపినవాళ్లకు పేర్లే ఉండవు. స్థానికుల గురించి చిన్నచూపు మాటలు ఉంటాయి. వాటిని దాచిపెట్టి మంచి ముక్కలే చదివించడం నాకు నచ్చదు. పక్కన కూర్చుని చదువుతూ అక్కడ ఆగాలి. ఈయన సామాను ఎవరు మోశారు, ఆయన పేరెందుకు లేదు అని అడగాలి. పదేళ్ల పిల్లలకు న్యాయం అన్యాయం విషయంలో మనకన్నా చురుకైన చూపు ఉంటుంది.

తుపాకీ స్థానంలోకి పుస్తకం వచ్చిన కథ

చదువు, బయటి ఆట ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో చెప్పడానికి పక్షుల కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో క్రిస్మస్ రోజున జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ పక్షుల్ని, జంతువుల్ని చంపితే వాళ్లు గెలిచినట్టుగా పోటీ పడే అలవాటు ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త తన పత్రికలో ఒక ప్రతిపాదన రాశాడు. ఈసారి చంపొద్దు, లెక్కపెడదాం. ఆ క్రిస్మస్‌కు 27 మంది 25 చోట్ల పక్షుల్ని లెక్కపెట్టారు. ఆ లెక్కింపు ఇప్పటికీ ఏటా జరుగుతోంది, పక్షులు ఎక్కడ పెరుగుతున్నాయో ఎక్కడ తగ్గుతున్నాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు పెద్ద ఆధారం అయింది.

చాప్‌మన్ ఆటను ఆపేయలేదని గమనించండి. తెల్లవారుజామున లేవడం, చలిలో తిరగడం, జట్టు, పోటీ, సాయంత్రం ఎవరికెన్ని అని పోల్చుకోవడం, అన్నీ అలాగే ఉంచాడు. చంపడం ఒక్కటి తీసేశాడు. పిల్లల విషయంలో నాకు ఇది పెద్ద పాఠం. వాళ్లలో ఉన్న వేటగాణ్ణి, వెంటపడే తత్వాన్ని, లెక్కలు పెంచుకునే ఉబలాటాన్ని చంపేయనక్కర్లేదు. దానికి ఇంకో దారి చూపిస్తే చాలు.

అయితే లెక్కపెట్టాలంటే దూరం నుంచే పిట్టను గుర్తుపట్టాలి. అంతకుముందు పక్షి శాస్త్రవేత్తలు కూడా చాలావరకు కాల్చి చేతిలోకి తీసుకునే గుర్తుపట్టేవారు. సలీం అలీ పిచ్చుక కథలో జరిగిందీ అదే. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ అనే యువ చిత్రకారుడు ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. ప్రతి పిట్ట బొమ్మ పక్కనా, దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసే గుర్తు దగ్గర ఒక చిన్న గీత. రెక్క మీద చార, కంటి చుట్టూ వలయం, తోక అంచు తెలుపు, ఇలా. మొదట అచ్చువేసిన 2,000 కాపీలు చూస్తూండగానే అయిపోయాయి. చేతిలో ఆ పుస్తకం, మెడలో బైనాక్యులర్స్ ఉంటే తుపాకీతో పనిలేకుండా పోయింది. ఒక పుస్తకం ఒక ఆట నియమాలనే మార్చేసింది.

మీ పిల్లలకు కొనే మొదటి పుస్తకం ఇలాంటి గుర్తింపు పుస్తకం అయితే మంచిదని నా సలహా. వాళ్లు ఉండే చోట కనిపించే పక్షులు, చెట్లు, చేపలు, సీతాకోకచిలుకలు, ఏదైనా సరే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవక్కర్లేని పుస్తకం అది. చదువంటే టెన్షన్ పడే పిల్లవాడు కూడా తను చూసినదాని కోసం పేజీలు తిప్పుతాడు. ఆ తిప్పడం కూడా చదవడమే.

పుస్తకం ముందా, బయటికి వెళ్లడం ముందా? చాలామంది పెద్దలు ముందు చదివించి, తయారుచేసి తీసుకెళ్లాలనుకుంటారు. నా అనుభవంలో అది తిరగబడాలి. ముందు తడవాలి, అలిసిపోవాలి, ఏదో ఒకటి చూసి అదేమిటో తెలియక తలగోక్కోవాలి. ఆ రాత్రి పడుకునేముందు పుస్తకం తీయాలి. పగలు ఒంటికి తగిలిందే రాత్రి మాటల్లో దొరికితే ఆ మాట ఇక పోదు. చదవడం వచ్చిన పిల్లలకు కూడా పైకి చదివి వినిపించండి. చదవడం వచ్చాక వినిపించడం ఆపేయడం మనం చేసే పెద్ద పొరపాటు. పన్నెండేళ్ల పిల్లవాడు తనంతట తాను చదవలేని బరువైన పుస్తకాన్ని మీ గొంతులో హాయిగా వింటాడు. మధ్యలో పరీక్షలు పెట్టొద్దు. నీతి ఏమిటి అని అసలు అడగొద్దు.

బయట ఉన్నప్పుడు ఎక్కువ మాట్లాడకపోవడం కూడా నేర్పే పద్ధతే. గాలం వేసి కూర్చున్న గంటలో పిల్లవాడికి విసుగు వస్తుంది. రానివ్వండి. ఆ విసుగు దాటాకే వాడు నీటి మీద పురుగును చూస్తాడు, అవతలి ఒడ్డున కొంగ ఎంతసేపు కదలకుండా నిలబడిందో చూస్తాడు. ఫోన్ ఇచ్చి ఆ విసుగును తీర్చేస్తే వాడు అక్కడి దాకా రాడు. జేబులో ఒక చిన్న నోటుపుస్తకం మాత్రం ఉండనివ్వండి. తేదీ, వాతావరణం, ఏం చూశాడు, అంతే. అమెరికాలో థోరో అనే రచయిత 1850లలో తన ఊరి చుట్టూ ఏ పువ్వు ఏ రోజు పూసిందో రాసుకున్నాడు. నూట యాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ రాతలు తీసి, అవే పువ్వులు ఇప్పుడు ఎన్ని రోజులు ముందుగా పూస్తున్నాయో లెక్కకట్టారు. మీ పిల్లవాడి నోటుపుస్తకం శాస్త్రానికి పనికి రాకపోవచ్చు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత వాడికి తన చిన్నతనం ఎలా ఉండేదో జ్ఞాపకంలో కాకుండా తేదీతో సహా దొరుకుతుంది. పాలీ చెప్పిన మరుపుకు ఇంటి వైద్యం ఇదే.

పద్నాలుగు, పదిహేను వచ్చేసరికి చాలామంది పిల్లలు రామంటారు. బలవంతం చేయొద్దు. మీరు వెళ్లడం మాత్రం ఆపొద్దు. తడి బూట్లు గుమ్మం దగ్గర ఉండాలి, సగం చదివిన పుస్తకం బల్ల మీద ఉండాలి. వాళ్లు మళ్లీ వస్తారో రారో మన చేతిలో లేదు, వస్తే తలుపు తెరిచి ఉండటం మన చేతిలో ఉంది.

ఈ విలువలు తండ్రి నుంచి కొడుక్కే అందుతాయన్నట్టు రాసే అలవాటు పాత పుస్తకాల్లో ఉంది. నేను పైన చెప్పిన కథల్లోనూ మగవాళ్లే ఎక్కువ. అది కాగితం మీదికి ఎక్కినవాళ్ల లెక్క. చార్లెస్ డార్విన్ సంగతి చూడండి. కుర్రతనంలో ఆయనకు వేట పిచ్చి. మొదటి పిట్టను కొట్టినప్పుడు చేతులు వణికి తుపాకీలో మళ్లీ మందు కూరడం చాలా కష్టమైంది. వేట, కుక్కలు, ఎలుకలు పట్టడం తప్ప నీకేమీ పట్టదు, కుటుంబానికి అవమానం తెస్తావు అని తండ్రి తిట్టాడు. అదే కుర్రవాడు గిల్బర్ట్ వైట్ అనే పల్లెటూరి పాదరీ పక్షుల గురించి రాసిన పుస్తకం చదివి, పిట్టల్ని గమనించి రాసుకోవడం మొదలుపెట్టాడు. మర్యాదస్తులందరూ పక్షి శాస్త్రవేత్తలు ఎందుకు కావడంలేదా అని ఆశ్చర్యపోయాడు కూడా.

ప్రాణుల పట్ల దయ మాత్రం తనకు అక్కచెల్లెళ్ల మాటల వల్ల, నడవడి వల్ల వచ్చిందని ఆయన రాసుకున్నాడు. గాలానికి గుచ్చే వానపామును ముందే ఉప్పునీళ్లతో చంపొచ్చని తెలిశాక, బతికున్నదాన్ని మళ్లీ గుచ్చలేదు. చేపలు తక్కువ పడ్డా సరే అనుకున్నాడు. గుడ్లు పోగుచేసే సరదా ఉన్నా గూటి నుంచి ఒక్క గుడ్డు మాత్రమే తీసేవాడు. ఒక్కసారి తప్ప. ఆ రోజు ఏదో గొప్ప కోసం గూట్లో ఉన్నవన్నీ తీసేశాడు. 1876లో, అరవై ఏడేళ్ల వయసులో, ప్రపంచమంతా తెలిసిన శాస్త్రవేత్తగా తన పిల్లల కోసం జీవితకథ రాయడానికి కూర్చున్నప్పుడు, ఆ ఒక్క గూడు ఆయనకు ఇంకా గుర్తుంది.